సిలువకు ముందు గ్లాసెడు నీళ్లు

పోయిన వారం ప్రభుదాసును బాలనర్సింహ ఇంటి గేటు ముందు వదిలేసి వచ్చాం. ఒక చెయ్యి గొళ్లెం మీద, ఇంకో చెయ్యి మీసం మీద. గొళ్లెం తీస్తే రెండేళ్ల పంతం పోతుంది, తీయకపోతే రేపటి సిలువ పోతుంది. అట్లాంటి చోట మనిషిని వారం పాటు నిలబెట్టడం పాపమే. కానీ వారపత్రికలో కథ చెప్పేవాడికి అంతకన్నా దయ చేతకాదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనక్కి పోదాం. ప్రభుదాసు శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. ఇబ్రహీంపట్నంలో వాళ్ల చర్చి సంఘానికి పెద్ద. ఏటా గుడ్ ఫ్రైడే పొద్దున ఆ సంఘం వాళ్లు చర్చి నుంచి ఊరి బయట గుట్ట దాకా సిలువ మోసుకుంటూ పాటలు పాడుకుంటూ పోతారు. మొట్టమొదటి ఏడు మోసింది ప్రభుదాసు తండ్రి. "ఆయన మోసినట్టు మళ్ల ఎవ్వరు మొయ్యలే" అని పాతవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ప్రభుదాసు ఛాతీ పొంగుతుంది, మరుక్షణం కుంగుతుంది, ఎందుకంటే ఆ 'ఎవ్వరు'లో తనూ ఉన్నాడు. మోకాళ్లు పూర్తిగా మొరాయించక ముందే ఆ మాట తప్పని చూపించాలని ఆయన కోరిక. ఇన్నేళ్లకు వంతు వచ్చింది.

వంతు వస్తే సరిపోదు, ఆ సంఘానికో ఆనవాయితీ ఉంది. సిలువ మోసేవాడికి ఎవరితో మాటల్లేవో, ముందురోజు వాళ్లింటికే పోయి, వాళ్ల చేత్తో ఇచ్చిన నీళ్లు తాగి రావాలి. సంఘంలో పెద్దతలకాయ ఒకరు సాక్ష్యానికి వెంట ఉండాలి. గ్లాసులో చుక్క మిగలకూడదు. కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చేముందు అలిగిన తోబుట్టువుతో కలిసి రమ్మన్న వాక్యాన్ని మనవాళ్లు ఇట్లా గ్లాసులోకి వంచుకున్నారు. సమాధానం నీళ్లు అంటారు దాన్ని. ఆ నీళ్లు గొంతు దిగక సిలువనే వదులుకున్న మొండిఘటాలూ ఆ సంఘంలో ఉన్నారు.

ప్రభుదాసుకు మాటల్లేనిది ఒక్కడితోనే. భార్య కృపారాణికి సొంత అన్న అయిన బాలనర్సింహతో. గొడవ పుట్టింది ఫ్లెక్సీ దగ్గర. రెండేళ్ల కిందట క్రిస్మస్‌కు చర్చి గేటుకు కట్టిన ఫ్లెక్సీలో, శుభాకాంక్షలు చెప్పేవాళ్ల వరుసలో బాలనర్సింహ ఫొటో కూడా వేశారు. ఆయన చర్చికి వచ్చే మనిషి కాదు, మైసమ్మకు కోడిని కోసే మనిషి. కానీ చెల్లెలు పోయే చర్చి గదా అని, ప్రహరీ గోడ కట్టేటప్పుడు మట్టి మొత్తం తన ట్రాక్టరుతో తోలిపెట్టాడు. తీరా పండుగ పొద్దున గాలి లేచింది. ఫ్లెక్సీ ఎగిరిపోయేలా ఉంటే ప్రభుదాసు నిచ్చెనెక్కి నాలుగు మొలలు కొట్టాడు. మూడు మొలలు దేవదూతల రెక్కల్లో దిగాయి. నాలుగోది బాలనర్సింహ నుదుటి నట్టనడుమ దిగింది.

అదే సమయానికి కొత్త చొక్కా వేసుకుని, సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చిన బాలనర్సింహ తల ఎత్తి తన ముఖం చూసుకున్నాడు. ట్రాక్టరు దిగకుండానే వెనక్కి తిప్పాడు. తర్వాత బోనాలకు ఆయన కొట్టించిన ఫ్లెక్సీలో ప్రభుదాసు ఫొటో కూడా ఉంది, సరిగ్గా కట్టెకు తాడు చుట్టే మూలన. చెవి ఒక్కటే కనబడింది. అక్కడితో మాటలు బంద్.

ఇక ప్రభుదాసు త్యాగాల సంగతి. నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం మొదలైన బుధవారం నాడు ఆయన చర్చిలో లేచి నిలబడి, మైకు అందుకుని, ఈస్టర్ దాకా చాయ్ ముట్టనని తీర్మానం చెప్పాడు. స్టీరింగ్ ఒక చేత్తో, చాయ్ ఒక చేత్తో పట్టి బతికిన మనిషి. సంఘమంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఊపులో మంచం మానేశాడు, మాంసం మానేశాడు. చాయ్ మానింది ఆయనైతే తలనొప్పి ఇంటిల్లిపాదికీ వచ్చింది. చాప మీద పడుకుని నడుం పట్టేస్తే వేడినూనె రాసేది కృపారాణి. ఇంట్లో కూర ఒకటి ఆయనకు, ఒకటి మిగతావాళ్లకు, రెండూ వండేది కృపారాణి. వాసన తగిలితే ఆయన మనసు చెదురుతుందని తన గుక్కెడు చాయ్ కూడా ఆమె పెరట్లో గోడవతల నిలబడి తాగేది. త్యాగాలు ఆయన చేస్తున్నాడు, మోయడం మాత్రం ఆమె మోస్తోంది.

సిలువ కూడా పాతది పనికిరాలేదు. అది నీలగిరి కట్టె, తేలిక, పిల్లలు కూడా ఎత్తుతారు. తండ్రి పేరు నిలబెట్టాలంటే బరువుండాలని పచ్చి వేప దూలంతో కొత్తది చేయించాడు. "జర ఆరనియ్యన్నా, పచ్చి కట్టె నీళ్ల కుండ లెక్కుంటది" అని వడ్లాయన మొత్తుకున్నా వినలేదు. ఆ సిలువ ఇప్పుడు వాకిట్లో గోడకు ఆనించి ఉంది. ట్రాలీలోంచి దాన్ని దించడానికి నలుగురు కావలసి వచ్చిన సంగతి ప్రభుదాసు ఎవరికీ చెప్పలేదు, ఆ నలుగురూ ఊరందరికీ చెప్పారు.

ఇప్పుడు గేటు దగ్గరికి పోదాం.

గొళ్లెం తీసింది ప్రభుదాసు కాదు, నర్సింహమ్మ. సాక్ష్యానికి వచ్చిన పెద్దతలకాయ ఆమె. సంఘంలో పళ్లు అందరికన్నా తక్కువ, మాటలు అందరికన్నా ఎక్కువ.

"గొళ్లెం తియ్యరాకపోతె రాదని చెప్పాలె కొడుకా. నాకు కాళ్లు గుంజుతున్నయ్," అని ఆయన్ని పక్కకు నెట్టి లోపలికి నడిచింది.

రేకుల షెడ్డు కింద నులక మంచం మీద బాలనర్సింహ కూర్చుని ఉన్నాడు. వచ్చిన ఇద్దరినీ చూశాడు, ఒక్కరినే చూసినట్టు పలకరించాడు.

"రా పెద్దమ్మా, కూసో. శానా దినాలకు." తర్వాత ఇంట్లోకి తల తిప్పి భార్యను పిలిచాడు. "అరుణా, పెద్దమ్మ వచ్చింది. ఎంబడి ఇంకెవరో గూడ వచ్చినట్టున్నరు."

అరుణజ్యోతి గుమ్మంలోకి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఆశ్చర్యానికో తెలియలేదు. "కూసో అన్నా," అని కుర్చీ వేసింది.

దారంతా ప్రభుదాసు ఒక మాట తయారుచేసుకుంటూ వచ్చాడు. అందులో ప్రేమ, సహనం, సహోదరత్వం అన్నీ ఉన్నాయి. దాన్ని ఆదివారం కూడా ఒకసారి వాడుకోవచ్చు అనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇంతే.

"బావా, మంచినీళ్లు కావాలె."

వాళ్లిద్దరూ ఒకరినొకరు బావ అనే పిలుచుకునేవాళ్లు. రెండేళ్ల తర్వాత ఆ పిలుపు చెవిన పడగానే బాలనర్సింహ మొహం ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే దాన్ని సర్దుకుని నర్సింహమ్మ వైపు తిరిగాడు.

"నీళ్లు కావాల్నంట పెద్దమ్మా. రెండేండ్లకు సుట్టం ఇంటికొచ్చిండు. ఉత్త నీళ్లు తాపిచ్చి పంపితె ఊరోళ్లేమంటరు? ఉన్న మొల సాలదని ఇంకోటి గొడ్తరు నా మొఖానికి." గొంతు పెంచాడు. "అరుణా, చాయ్ పెట్టు. పాలు చిక్కగ. అల్లం దంచి ఎయ్యి."

ప్రభుదాసు ప్రాణం అల్లం దగ్గర సగం పోయింది. ఊళ్లో అందరికీ తెలిసిన తీర్మానం బాలనర్సింహకు తెలియకుండా ఉంటుందా. ఆ రోజు మైకు అసలే ఊరి దిక్కు తిప్పి ఉంది.

"నీళ్లు సాలు బావా. గ్లాసెడు ఇయ్యి, పోతా."

"మా ఇంట్ల నీళ్లు బర్రెలకు పెడ్తం, సుట్టాలకు చాయ్ పోస్తం."

ప్రభుదాసు నర్సింహమ్మ వైపు దీనంగా చూశాడు. "నీళ్లని గద పెద్దమ్మా ఉన్నది. సమాధానం నీళ్లు. చాయ్ నడుస్తదా?"

"ఆళ్లు ఏది ఇస్తె అది తాగాలె," అంది నర్సింహమ్మ. "అందరు నీళ్లే ఇస్తరని నీళ్లన్నరు. మా అత్త కాలంల ఒకాయనకు పులిసిన గంజి పోసిన్రట. కండ్లల్ల నీళ్లు గారంగ తాగి, తెల్లారి సిలువ మోసిండు." కాసేపు ఆగి, వంటింటి వైపు చూస్తూ అంది. "నేనైతె చాయ్ మాన్లే బిడ్డా. నాగ్గూడ ఇంత పోసుకరా."

లోపల చాయ్ మరుగుతోంది. అల్లం వాసన షెడ్డు కిందికి వచ్చి, నేరుగా ప్రభుదాసు ముక్కునే వెతుక్కుంది. నలభై రోజుల నుంచి ఆ ముక్కు దానికోసమే కాచుకుని ఉందని వేరే చెప్పాలా. ఆయన మనసు మళ్లించుకోవడానికి వేరే మాట ఎత్తుకున్నాడు. ఎత్తుకోకూడనిదే ఎత్తుకున్నాడు.

"ఆ దినం గాలి గట్ల లేసింది బావా. కట్టె అక్కడనే ఉండె. కట్టె యాడుంటె మొల ఆడనే గొట్టాలె గద. నేను కట్టెకు గొట్టిన, నీకు గాదు."

బాలనర్సింహ మొట్టమొదటిసారి ఆయన వైపు నేరుగా చూశాడు. "నాలుగు మొలలు గొట్టినవ్. మూడు దేవదూతలకు గొట్టినవ్. ఆళ్లకు యాడ గొట్టినవ్?"

"రెక్కలకు."

"మరి నాకు?"

"నీకు రెక్కల్లేవు గద బావా."

 నర్సింహమ్మ నోరంతా తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. వంటింట్లో గిన్నె మీద చెంచా పడిన చప్పుడు, వెంట అరుణజ్యోతి నవ్వు. బాలనర్సింహ పళ్లు బిగబట్టి, మీసం బిగబట్టి, చివరికి తలే పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఆగలేదు. ప్రభుదాసుకు ఆ నవ్వెందుకో అర్థం కాలేదు. ఆయన నిజమే చెప్పాడు. రెండేళ్ల నుంచి అందరికీ అదే నిజం చెబుతున్నాడు. తన తప్పు లేదని అంత కచ్చితంగా తెలిసిన మనిషికి క్షమాపణ అడగడం ఎట్లా వస్తుంది చెప్పండి.

చాయ్ వచ్చింది. స్టీలు గ్లాసులో, పైన మీగడ తరకతో. అరుణజ్యోతి తెచ్చి భర్త చేతికిచ్చింది. బాలనర్సింహ లేచి, రెండు చేతులతో పట్టుకుని, బావ ముందు నిలబడ్డాడు. ఆనవాయితీ ఆయనకూ తెలుసు.

ప్రభుదాసు గ్లాసు వైపు చూశాడు. ఇంకో మూడు రోజులు ఆగితే ఈస్టర్. ఒక్క చుక్క జారకుండా ఇంతదాకా మోసుకొచ్చిన తీర్మానం. ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ చాయ్ సంగతి చెప్పాలా, మానాలా? చెప్పకుంటే నర్సింహమ్మ చెబుతుంది. చాయ్ మానినందుకు సంఘం తనను చూసిన చూపు ఒకవైపు, తండ్రి మోసిన సిలువ ఒకవైపు. ఆయన గ్లాసు అందుకున్నాడు.

మొదటి గుక్క త్యాగంగానే మొదలైంది. కళ్లు మూసుకున్నాడు, కనుబొమ్మలు ముడిచాడు. రెండో గుక్కకు ముడి విడిపోయింది. మూడో గుక్కకు మొహం మీద ఒక వెలుగు వచ్చింది. అడుగున మిగిలిన అల్లం తునక కూడా వదలకుండా గ్లాసు ఎత్తి, తలకిందులు చేసి, నర్సింహమ్మకు చూపించాడు.

"సాక్ష్యం సరే," అంది నర్సింహమ్మ. "కని ఇది త్యాగమో ఏందో నాకు సమజైతలేదు. మొఖం జూస్తె పెండ్లికొడుకు లెక్కున్నవ్."

ప్రభుదాసు లేచాడు. పనైపోయింది. రేపటి సిలువ తనదే. పోయొస్తానని చెప్పబోతుంటే బాలనర్సింహ కుడి చెయ్యి ముందుకు చాపాడు. కరచాలనానికేమో అని ప్రభుదాసు కూడా చెయ్యి చాపాడు. బాలనర్సింహ ఆ చేతిని అందుకోలేదు. తన మణికట్టునే అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"ఏమన్న కనవడ్తుందా బావా?"

"ఏం లేదు గద."

"గదే," అన్నాడు బాలనర్సింహ. "మొలకు అలిగిన. నిజమే, మస్తు అలిగిన. ఆ దినం డీజిల్ అయిపోయెదాంక ట్రాక్టరేసుకొని తిరిగిన. కని ఆ కోపం బోనాలకు నీ ఫొటో కట్టెకు సుట్టినంక పోయింది. ఫ్లెక్సీ సింపి బర్రెల కొట్టం మీద గప్పుకున్న, వాన గూడ ఆగుతుంది. పోనిది ఇది." మళ్లీ మణికట్టు చూపించాడు. "రెండు రాఖీ పున్నాలు పోయినయ్. దానికి పెండ్లయి మీ చర్చికి వచ్చినంక గూడ ఒక్క ఏడు రాఖీ కట్టుడు మాన్లే మా చెల్లె. రెండేండ్ల సంది రాలే. పొద్దుగాల తానం జేసి గీ మంచం మీదనే కూసున్న. ఆటో సప్పుడైనప్పుడల్ల గేటు దిక్కు జూసిన. పొద్దుగూకినంక అన్నం తిన్న."

 అరుణజ్యోతి భర్త వీపు మీద చెయ్యి వేసింది.

"నేను పోవద్దనలే బావా," అన్నాడు ప్రభుదాసు. "దేవుని ముంగట చెప్తున్న. ఒక్కనాడు గూడ పోవద్దనలే."

"మరేమన్నవ్ అన్నా?" అని అడిగింది అరుణజ్యోతి. కోపంగా కాదు, తెలుసుకోవడానికే అడిగింది.

ఏమన్నాడో ప్రభుదాసు గుర్తుచేసుకున్నాడు. మొదటి ఏడు రాఖీ పొద్దున కృపారాణి చీర మార్చుకుని వచ్చి నిలబడితే, "పోతె పో, నేనేమన్న వద్దన్ననా" అన్నాడు. అని, తింటున్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. రెండో ఏడు ఆ మాట కూడా అనలేదు. ఆమె సంచిలో రాఖీ పెట్టుకోవడం చూసి బయటికి పోయి, కడిగిన బైకునే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. కడుగుతూ కడుగుతూ కిటికీలోంచి చూస్తే ఆమె రాఖీ తీసి దారపుండల డబ్బాలో పెడుతోంది. చెప్పకుండానే మొగుడి మనసు తెలుసుకునే భార్య దొరికిందని ఆ రోజు దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాడు.

ఇప్పుడు నాలుక మీద అల్లం మండింది. నిచ్చెన మీద ఉండగా గాలి ఉంది, కట్టె ఉంది. ఈ రాఖీ సంగతికి చెప్పుకోవడానికి ఏ కట్టే లేదు. ప్రభుదాసుకు నిజంగా సిగ్గేసింది.

"తప్పయింది బావా," అన్నాడు. మైకు లేకుండా అంత చిన్నగా ఆయన మాట్లాడటం నర్సింహమ్మ ఎన్నడూ వినలేదు.

బాలనర్సింహ ఆ మాటను ఎక్కువసేపు గాలిలో ఉండనివ్వలేదు. "మంచిది. రాఖీకి ఇంక మస్తు దినాలున్నయ్. దాన్ని ఉత్తగనే రమ్మను. అన్నం తిని పొమ్మను," అన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ప్రభుదాసు నడక చూడాలి. మోకాళ్లు నొప్పన్న మనిషి నర్సింహమ్మను వెనకేసి పోతున్నాడు. సిగ్గు మంచిదే గానీ మనిషి దగ్గర ఎక్కువసేపు నిలవదు. వీధి మలుపు తిరిగేసరికి ఆయనకు అంతా మంచే కనబడింది. సమాధానం అయింది, సిలువ దక్కింది, పైగా భార్యకు పుట్టింటి దారి తెరిచిన పుణ్యం. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క చాయ్‌తో అయిపోయాయి.

వాకిట్లో గోడకు ఆనించిన సిలువ అడ్డకట్టె మీద ఆయన తెల్ల చొక్కా ఆరేసి ఉంది, రేపు వేసుకోవలసింది. అక్కడైతే ఎండ బాగా తగులుతుందని కృపారాణి ఆరేసింది. కడప మీద కూర్చుని ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"కృపా, లెవ్. చీర మార్చుకో," అన్నాడు ప్రభుదాసు గేటు దగ్గర నుంచే. "మీ అన్న రమ్మన్నడు. నేను పోయి సమాధానపడొచ్చిన. చాయ్ గూడ తాగిన, పెద్దమ్మనడుగు."

చాటలో వేళ్లు ఆగిపోయాయి. ఆమె ముఖంలో మొదట వచ్చింది సంతోషమే. నర్సింహమ్మ చూసింది, అది సంతోషమే. పెళ్లినాటి కృపారాణి ఒక్క క్షణం కనబడి పోయింది. తర్వాత ఆమె చాట పక్కన పెట్టింది.

"ఇయ్యాల్నే ఎందుకు పోయినవ్?" అని అడిగింది.

"రేపు గుడ్ ఫ్రైడే గద."

"గందుకే పోయినవా?"

ఇక్కడ ఒక అబద్ధం ఆడి ఉంటే మన కథ ఈ వారమే ముగిసిపోయేది. ప్రభుదాసుకు సమయానికి అబద్ధం రాదు. అదొక్కటే ఆయనలో నాకు నచ్చిన గుణం. సిలువ వైపు చూశాడు, చొక్కా వైపు చూశాడు.

"రెండేండ్ల సంది మా అన్న ఉన్నది గీ ఊర్లనే," అంది కృపారాణి. "నడుసుకుంట పోయేంత దూరం. రేపు సిలువ ఉన్నదని ఇయ్యాల యాదికొచ్చిండు నీకు."

"ఎట్లయితేంది, పోయిన గద కృపా."

"నువ్వేమేం ఇడిశినవో ఊరంత ఎరుకే. మైకుల జెప్పినవ్. నేనేమిడిశిన్నో ఎవరన్న అడిగిన్రా?" ఆమె గొంతు పెంచలేదు. బియ్యంలో రాయి తీసి పడేసినట్టు ఒక్కొక్క మాట తీసి పెడుతోంది. "బస్టాండ్ల మా అన్న ఎదురొస్తె తలకాయ కిందికేసుకొని పోయిన. ఆయన 'కృపా' అని పిలిచిండు. ఇననట్టే పోయిన. ఇంటికొచ్చి పెరట్ల నిలవడి ఏడ్శిన. నువ్వేమో కండ్లెందుకు ఎర్రగైనయని గూడ అడగలే, చాయ్ లేక తలకాయ నొస్తుందని పండుకున్నవ్. నీ మాట పోవద్దని జేసిన. నువ్వు నోటితోని చెప్పని మాట గూడ మోసిన."

"తప్పయింది కృపా," అన్నాడు ప్రభుదాసు. ఇందాక ఒకచోట పనిచేసిన మాట గదా అని ఇక్కడా అన్నాడు. అన్న వెంటనే ఆయనకే తెలిసింది, అది అక్కడ ఖర్చయిపోయిందని.

కృపారాణి లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. ఇంట్లోకి పోతూ, వెనక్కి తిరక్కుండా అంది.

"రేపు గుట్టకు పోతె పో. నేనేమన్న వద్దన్ననా."

ఆ మాట గొంతుతో సహా ఆయనదే. వాకిట్లో నిలబడి రెండేళ్ల తర్వాత తన మాట తనే విన్నాడు. బయటినుంచి వింటే ఎట్లా ఉంటుందో ఇన్నాళ్లూ ఆయనకు తెలియదు. గొంతు ఎండిపోయింది.

"జర మంచినీళ్లియ్యి కృపా."

కుండ మీద మూత పడిన చప్పుడు వినబడింది. మూత మీద గ్లాసు బోర్లించిన చప్పుడు కూడా.

"కృపా."

జవాబు లేదు.

నర్సింహమ్మ అప్పటికే గేటు దాకా పోయి ఇంటిదారి పట్టబోతోంది. ఆగింది. నెమ్మదిగా వెనక్కి వచ్చి గుమ్మంలోకి తొంగి చూసింది. "ఆయనతోని మాట్లాడవా బిడ్డా?" అని అడిగింది. కృపారాణి తల అడ్డంగా ఊపింది. నర్సింహమ్మ పెద్దగా నిట్టూర్చి, వాకిట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, సాక్ష్యానికి కూర్చునే తీరుగా కాళ్లు సర్దుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?" అన్నాడు ప్రభుదాసు, తెలిసీ తెలియనట్టు.

"ఎవరితోని మాటల్లేవో ఆళ్లింట్ల, ఆళ్ల చేతి నీళ్లు తాగాలె. మొగడు పెండ్లాలకు ఏరే లెక్క ఉన్నదని మా అత్త నాకు చెప్పలే," అంది నర్సింహమ్మ. "మల్ల మొదలువెట్టు కొడుకా."

ప్రభుదాసు చెప్పులు విడిచాడు. సొంత ఇంటి కడప దగ్గర చుట్టంలా నిలబడ్డాడు. లోపల కుండ పక్కన నేల మీద కూర్చున్న భార్య కనబడుతోంది. పెళ్లయినప్పటి నుంచి ఆ కుండలో నీళ్లు ఆమె ముంచి ఇవ్వడం, తను తాగడం. ఇన్నేళ్లలో అడిగినదే లేదు. ఇప్పుడు అడగాలంటే నోరు రావడం లేదు.

"కృపా," అన్నాడు ఎట్టకేలకు. "మంచినీళ్లు కావాలె."

చాలాసేపటికి కృపారాణి చెయ్యి కదిలింది. గ్లాసు తీసింది. మూత తీసింది. ముంచబోయి ఆగింది. సరిగ్గా అప్పుడే చర్చి మీది మైకు గరగరమంది. పాస్టరయ్య గొంతు ఊరి మీదికి వచ్చింది. రేపు పొద్దున్నే అందరూ తెల్లబట్టలతో రావాలని, ఈ ఏడు సిలువ మోసేది మన సంఘపెద్ద ప్రభుదాసు అని, ఆయన కోసం ప్రార్థన చేయమని చెప్పింది. తన పేరు వినబడగానే ప్రభుదాసు వెన్ను దానంతటదే నిటారుగా అయింది. కృపారాణి అది చూసింది.

ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని లేచి వచ్చి, కడపకు లోపలివైపున ఆయన ఎదురుగా నిలబడింది.

"నీళ్లిస్త," అంది. "ముందుగాల నాకొకటి చెప్పు. రేపు ఆ సిలువ నువ్వు గాక ఇంకొకరు మోస్తరంటె, ఈ నీళ్లు అప్పుడు గూడ అడుగుతవా?"